నల్లగొండల పాత రీలు కెమెరాలు అమ్మకానికొచ్చినయి – డబ్బులిచ్చే ముందు ఏమేం చూడాలె?

నీలగిరి_ఫ్రేమ్

నమస్తే అందరికి. నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ దగ్గర ఒక పాత స్టూడియో మూసేస్తున్నరు, సామానంత అమ్మకానికి పెట్టిన్రు. అందుల మూడు రీలు కెమెరాలున్నయి: 50 ఎంఎం ఎఫ్/2 లెన్సుతోని పెంటాక్స్ కె1000, 35–70 జూముతోని నికాన్ ఎఫ్ఎం10, ఇంక ఒక యాషికా మ్యాట్ 124జి (పైన చూసేది, కింద ఫోటో తీసేది, రెండు లెన్సులది). ఏ ఒక్కదాంట్ల సెల్లు లేదు, రీలు అసలే లేదు. ఓనరు సారు మంచి కండిషన్ల ఉన్నయంటున్నడు గని, ఏండ్ల సంది బీరువాల్నే ఉన్నయట. ఆదివారం పొద్దున గంటసేపు చూసుకోమన్నడు.

రీలు ఎయ్యకుంట అక్కడికక్కడ ఏమేం చూడొచ్చు? ఏ లోపం ఉంటే వాపస్ పెట్టి రావాలె, ఏ లోపం ఉన్నా రేటు తగ్గించుకొని తెచ్చుకోవచ్చు? ఇక్కడ వీటిని రిపేరు చేసేటోళ్లు లేరు, ఏదున్నా హైదరాబాదే పోవాలె. వెంట ఏం పట్టుకపోవాల్నో గూడ చెప్పున్రి.

కోఠి_స్క్రూడ్రైవర్

పట్టుకపోవాల్సినయి మొదలు చెప్త. కొత్త ఎల్ఆర్44 సెల్లులు మూడు (కె1000కు ఒకటి, ఎఫ్ఎం10కు రెండు), చిన్న ఎల్ఈడీ టార్చి, స్లోమోషన్ తీసే ఫోను, దూది పుల్లలు, పాడైపోయిన 35 ఎంఎం రీలు ఒకటి, ట్రేసింగ్ పేపరు ముక్క, కేబుల్ రిలీజు (షట్టర్ బటన్‌కు బిగించి నొక్కే తీగ). పాత రీలు దొరకకపోతే మీ ఊళ్లె ఏ స్టూడియోల అడిగినా ఎక్స్‌పైరీ అయినది ఇస్తరు.

కెమెరా చేతికి రాంగనే వెనక మూత తియ్యకు. ముందుగాల రివైండ్ నాబ్‌ను బాణం గుర్తు దిక్కు మెల్లగ తిప్పు. వదులుగ తిరిగితే లోపల రీలు లేనట్టు. బిగుసుకున్నదంటే ఎవరిదో రీలు ఇంక అందుల్నే ఉన్నది, చుట్టేసి ఓనరుకియ్యి.

తర్వాత చూడాల్సింది షట్టరే, అంటే ఫిలిము మీదకు వెలుగును లెక్క ప్రకారం వదిలే తలుపు. పైన తోలు ఊడిందా, నల్లరంగు పోయిందా అనేది అసలు లెక్కల్నే లేదు. ఏండ్ల తరబడి బీరువాల ఉన్న కెమెరాల నూనె ఆరిపోయి జిగురైతది. ఒక పదిసార్లు నొక్కితే ఆ జిగురు తాత్కాలికంగ వదులై షట్టర్ బాగనే పనిచేస్తున్నట్టు కనపడ్తది, రెండు నెలలు పక్కన పెడితే మళ్ల మొదటికొస్తది. గందుకే మొదటి క్లిక్కే అసలు సంగతి చెప్తది. ఓనరు నాలుగైదు సార్లు కొట్టి చూపియ్యకముందే నువ్వు చేతిలకు తీసుకొని, స్పీడు డయల్ 1 సెకను మీద పెట్టి, లెన్సు తీసేసి, వెనక మూత తెరిచి, కిటికీ దిక్కు పెట్టి ఫోనుల స్లోమోషన్ రికార్డు చేస్తూ నొక్కు.

ఫోను సెకనుకు 240 ఫ్రేములు తీస్తదనుకుంటే లెక్క గిట్ల: 1 సెకనుకు 240 ఫ్రేముల్ల వెలుగు కనపడాలె. 1/8కి 30, 1/15కి 16, 1/30కి 8, 1/60కి 4. వీడియోను ఆపుకుంట ఒక్కొక్క ఫ్రేము జరుపుకుంట, గేటు (ఫిలిము ముందుండే కిటికీ) నడుమ ఒకే చోటు చూసి లెక్కపెట్టాలె. అంచు చూస్తే షట్టర్ పరదా నడిచే టైము గూడ కలిసి లెక్క తప్పుతది. 240కి బదులు 190 నుంచి 300 దాక వచ్చినా నెగెటివ్ ఫిలిముకు ఇబ్బంది లేదు, అది మూడో వంతు స్టాపు తేడానే (వెలుగు రెట్టింపో సగమో అయితే ఒక స్టాపు). 400 దాటినా, నడుమ ఆగి ఆగి పోయినా స్లో స్పీడ్లను నడిపించే పళ్ల చక్రాల గవర్నర్ మురికి పట్టినట్టు. చెవితోని గూడ తెలుస్తది: 1 సెకను మీద కొడితే "జ్ర్ర్ర్" అని ఒకే తీరుగ సాగి ఆఖరుకు "టక్" అనాలె. సప్పుడు నడుమ సన్నగిలి మళ్ల లేస్తే గవర్నర్ ఇబ్బంది పడుతున్నట్టే.

1/125 నుంచి పైకి ఫోను లెక్క పనికిరాదు, ఫ్రేములు చాలయి. 1/500, 1/1000 మీద తెల్లటి ఆకాశం దిక్కో, వెలుగు మంచిగున్న గోడ దిక్కో పెట్టి వెనక నుంచి కంటితోని చూడు. లిప్తపాటు గేటు మొత్తం ఒకే తీరు వెలుగు కనపడాలె. ఒక అంచున నల్లగ మిగిలితే దాన్ని క్యాపింగ్ అంటరు. ముందు పోయే పరదా చివరల నిదానమై, వెనక పరదా దాన్ని అందుకొని గేటు మూసేస్తది. ఫోటోల ఒక పక్క చీకటి పట్టీ వస్తది. పాత డబ్బా టీవీ ఇంక నడుస్తుంటే దాని ముందు పెట్టి చూసే పద్ధతి గూడ ఉన్నది గని, వెతికి తెచ్చుకునేంత అవసరం లేదు.

కె1000ది బట్ట పరదా, అడ్డంగ నడుస్తది. దానికి సూది రంధ్రాలున్నయేమో చూడాలె. షాపుల చీకటి మూల చూసుకొని, వెనక దిక్కు నుంచి టార్చి పరదాకు ఆనిచ్చి పట్టుకొని, ముందు నుంచి అద్దాన్ని అంచుతోని మెల్లగ పైకి లేపి చూడు. ఈ పని రెండుసార్లు చెయ్యాలె: రీలు జరిపే లివర్ తిప్పి కాక్ చేసినంక (షట్టర్‌ను కొట్టేటందుకు సిద్ధం చేసినంక) ఒకసారి, కొట్టినంక ఒకసారి. కాక్ చేసినప్పుడు గేటును మూసేది ఒక పరదా, కొట్టినంక మూసేది ఇంకోటి. శానామంది ఒకదాన్నే చూసి వస్తరు. ఎఫ్ఎం10ది నిలువుగ నడిచే లోహపు రేకులు. వాటిని వేలితోని ముట్టుకోవద్దు, గాలి కొట్టే డబ్బా అసలే కొట్టొద్దు, ఒక్క రేకు వంగినా షట్టర్ మొత్తం పోయినట్టే. రేకుల మీద నూనె మెరుపు గని, గీతలు గని ఉన్నయేమో చూస్తె చాలు.

స్పాంజి సంగతి. వెనక మూత గాడుల్ల, అద్దం పైన కొట్టుకునే చోట నల్ల స్పాంజి ఉంటది. అది పాలీయురేథేన్ నురగ, వయసు మీద తేమకు, ఏడికి తారు లెక్క జిగటగ కరిగిపోతది. ఏ పాత కెమెరాల్నైనా అది పోయే ఉంటదనుకో. దానికోసం కెమెరా వదిలెయ్యకు, ఐసోప్రొపైల్ స్పిరిటుతోని గీకి తీసి, గాడుల్ల నల్ల ఊలు దారం, మూత బిజాగరీ పక్క 2 ఎంఎం స్పాంజి పట్టీ పెడితే ఇంట్లనే అయిపోతది. కాకపోతే కరిగిన ముక్కలు ఫోకస్ స్క్రీను మీదనో అద్దం మీదనో పడ్డయా చూడు. ఎస్‌ఎల్‌ఆర్ (లెన్సుల నుంచి వచ్చే బొమ్మను అద్దం ద్వార చూపెట్టే కెమెరా) అద్దానికి పూత పైపైననే ఉంటది, ఇంట్ల అద్దం తుడిచినట్టు తుడిస్తే పూతే లేస్తది.

ఆఖరుకు నీ వెంట తెచ్చిన పాత రీలు ఎక్కించి లివర్ తిప్పు. ప్రతి తిప్పుకు రివైండ్ నాబ్ ఎదురు దిక్కు తిరగాలె. మూత తెరిచి పెట్టే రీలు మీద బాల్‌పెన్నుతోని గేటు రెండు అంచుల దగ్గర గీతలు పెట్టుకుంట నాలుగైదు ఫ్రేములు జరుపు. ఒక ఫ్రేముకు 8 రంధ్రాలు, అంటే 38 ఎంఎం జరగాలె. ఫ్రేము 36 ఎంఎం కాబట్టి నడుమ 2 ఎంఎం సందు మిగులుతది. సందు ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ వచ్చినా, గీతలు ఒకదాని మీదకొకటి ఎక్కినా లోపల చుట్టే గేరు జారుతున్నట్టు. గది చిన్న రిపేరు కాదు.

పాలమూరు_నెగెటివ్

అన్న షట్టర్ సంగతి పూర్తిగ చెప్పిండు, నేను లెన్సు చెప్త. మన దిక్కు లెన్సులకు వచ్చే రోగం కోస్తా దిక్కు రోగమసొంటిది కాదు. అక్కడ ఫంగస్ ఎక్కువ. నల్లగొండ, పాలమూరుల ఎండాకాలం 44, 45 డిగ్రీలు పోతది, రేకుల కప్పు కింద బీరువాల ఇంకెక్కువ. ఆ ఏడికి ఫోకస్ రింగుల గ్రీసు పల్చబడి, దాంట్ల నూనె జారి అపర్చర్ (లెన్సుల వెలుగు పోయే రంధ్రం, ఎఫ్ నంబరు పెరిగితే చిన్నగైతది) రేకుల మీదకు చేరుతది. అద్దాల లోపల సన్నటి పొర లెక్క గూడ పడ్తది, దాన్నే హేజ్ అంటరు. వానకాలంల తోలు కవరుల పెట్టి ఉంచిన వాటికి ఫంగస్ గూడ రావొచ్చు, తోలు తేమను పట్టి ఉంచుతది. ఆ కవరు చూడ సొగసుగ ఉన్నా కెమెరాను దాంట్ల పెట్టొద్దు.

చూసే తీరు: లెన్సు ఊడదీసి, అపర్చర్ పూర్తిగ తెరిచి, వెనక నుంచి టార్చి కొట్టి ముందు నుంచి కొంచెం పక్కకు వంచి చూడాలె. టార్చి నేరుగ కంటికి కొడితే ఏం కనపడదు, ఏటవాలుగ కొట్టాలె. సాలెగూడు అసొంటి సన్న పోగులుంటే ఫంగస్. మొత్తం మబ్బు పట్టినట్టుంటే హేజ్. అంచున ఇంద్రధనుస్సు రంగుల మరకో, తెల్ల ముక్కలో కనపడితే రెండు అద్దాలను అతికించిన జిగురు విడుస్తున్నది. అది బాగు చేసేది కాదు, ఆ లెన్సు వదిలెయ్. దుమ్ము నాలుగు చుక్కలుంటే ఏం కాదు. ముందు అద్దం మీద సన్న గీత గూడ ఫోటోల కనపడదు గని, వెనక అద్దం మీద గీత మాత్రం ఎదురు వెలుతురుల కనపడ్తది.

ఫంగస్ చిన్నగ, బయటి అద్దం లోపలి దిక్కు ఉంటే విప్పి తుడవొచ్చు. పూతను తినేసి ఉంటే తుడిచినా గుర్తు మిగుల్తది. అతికించిన అద్దాల నడుమ ఉంటే చెయ్యి పోదు.

అపర్చర్ పరీక్ష మర్చిపోవద్దు. పెంటాక్స్, నికాన్ లెన్సు రెండిటికి వెనక చిన్న లివర్ ఉంటది. రింగు ఎఫ్/16 మీద పెట్టి ఆ లివర్ నొక్కి వదిలితే రేకులు టక్కున తెరుచుకొని టక్కున మూసుకోవాలె. మెల్లగ కదిలితే నూనె పట్టినట్టు. అట్లాంటి లెన్సుతోని ఎఫ్/16 పెట్టినా షట్టర్ తెరిచేసరికి ఎఫ్/8 కాడనే ఉంటది, ఎండల తీసినవన్ని ఓవర్ అయితయి, అంటే వెలుగు ఎక్కువైతది. ఎఫ్ఎం10తోని వచ్చే 35–70 జూము ఎఫ్/3.5–4.8ది, ఎక్కువ ప్లాస్టిక్కే. జూము రింగు లూజున్నదా, ముందు భాగం పట్టి ఊపితే ఆడుతున్నదా చూడు. నన్నడిగితే ఆ లెన్సుకు విలువ కట్టకుంట బాడీకి మాత్రమే రేటు మాట్లాడు.

ఇంకొకటి. స్టూడియోల వాడి వాడి మూలల దగ్గర ఇత్తడి బయటపడ్డ కెమెరాను చూసి వెనక్కి తగ్గకు. రోజు నడిచిన యంత్రం, డబ్బాల దాచిన యంత్రం కంటె నయం.

మిర్యాల_మీటర్

మీటరు (వెలుగు కొలిచే భాగం) గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

కె1000లో మీటరుకు ప్రత్యేకంగా స్విచ్ లేదు. లెన్సులోకి వెలుగు పడినంతసేపూ సెల్లు ఖర్చవుతూనే ఉంటుంది, అందుకే ముందు మూత ఉండి తీరాలి. సెల్లు వేసి, వ్యూఫైండర్ కుడివైపు సూది చూడండి. అరచేత్తో లెన్సు మూస్తే కిందికి పడాలి, తీస్తే పైకి లేవాలి, మధ్యలో ఎక్కడా అతుక్కోకూడదు. అపర్చర్ రింగు ఒక్కో స్టాపు తిప్పుతుంటే సూది కూడా దాదాపు సమానంగా జరగాలి. జరుగుతూ జరుగుతూ ఒకచోట దూకితే లోపల రెసిస్టర్ పట్టీ అరిగిందని అర్థం. ఎఫ్ఎం10లో సూది ఉండదు, ప్లస్, సున్నా, మైనస్ దీపాలు వెలుగుతాయి.

పోలికకు ఫోనులో లైట్‌మీటర్ యాప్ చాలు. నీడలో ఉన్న సాదా గోడను రెండింటితో చూడండి. ఎండలో అయితే యాప్ కూడా అక్కర్లేదు: ఐఎస్ఓ (ఫిలిము వెలుగును పట్టే వేగం) 200 పెట్టి, నిండు ఎండలో ఉన్న వస్తువు మీద గురిపెడితే 1/250, ఎఫ్/16 దగ్గర సరి అనాలి. అర స్టాపు అటూఇటూ అయినా అన్నిచోట్లా ఒకే తేడా ఉంటే ఐఎస్ఓ డయల్‌ను ఆ మేరకు జరిపి వాడుకోవచ్చు. ఎండలో ఒక తేడా, నీడలో ఇంకో తేడా వస్తే ఆ మీటరును నమ్మకండి. అయినా ఈ రెండు బాడీలూ మెకానికల్‌వే. సెల్లు లేకపోయినా అన్ని స్పీడులూ పనిచేస్తాయి. మీటరు పోవడం బేరమాడే విషయమే కానీ వద్దనుకునే విషయం కాదు.

సెల్లు పెట్టే గది మూత తప్పకుండా విప్పి చూడండి. పచ్చగా చిలుము, తెల్లగా పొడి ఉంటే పాత సెల్లు కారింది. ఆల్కలైన్ సెల్లు కారితే మిగిలేది క్షారం, కాబట్టి వెనిగర్ లేదా నిమ్మరసం తడిపిన దూదిపుల్లతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి ఆరబెడితే పైపై చిలుము పోతుంది. లోపలి తీగ నల్లబడి ఉంటే అతుకు మార్చాలి. మూత నాణెంతో కూడా కదలకపోతే బలవంతం చెయ్యకండి, గాడి చెడిపోతే ఇంక ఎవరూ తియ్యలేరు.

124జి సంగతి వేరు. దాని మీటరు 1.35 వోల్టుల పాదరసం సెల్లుకు, అంటే పిఎక్స్625కు కట్టింది. ఆ సెల్లులు ఇప్పుడు తయారు కావడం లేదు. అదే సైజులో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటరు ఉన్నదానికంటే ఎక్కువ వెలుగు చూపిస్తుంది, ఫోటోలు అండర్ అవుతాయి, అంటే వెలుగు చాలదు. వినికిడి మిషన్లకు వాడే 675 నంబరు జింక్-ఎయిర్ సెల్లు 1.4 వోల్టులు ఇస్తుంది, చుట్టూ రబ్బరు రింగు పెడితే సరిపోతుంది. స్టిక్కరు పీకాక గాలి రంధ్రాలు మూసుకోకూడదు, నెలా రెండు నెలల్లో అయిపోతుంది.

నీలగిరి_ఫ్రేమ్

అందరికి శాన థాంక్స్. ఆదివారం పోయి చూసొచ్చిన, ఇంక ఏది తీసుకోలె. చూసింది గిది:

కె1000 మొదటి క్లిక్కుల 1 సెకనుకు 410 ఫ్రేములొచ్చినయి, కొన్నిసార్లు కొట్టినంక 300కు తగ్గింది. 1/1000 మీద ఒక అంచున సన్న చీకటి, 1/500 మీద లేదు. పరదాకు రంధ్రాల్లేవు. లెన్సు లోపల సాఫుగున్నది, రేకులు టక్కుమంటున్నయి. మీటరు యాప్‌తోని సరిపోయింది. స్పాంజి మొత్తం తారే.

ఎఫ్ఎం10 షట్టర్ అన్ని స్పీడ్ల మంచిగున్నది. దీపాలు వెలుగుతలెవ్వు, సెల్లు గదిల పచ్చ చిలుము. జూము ముందు భాగం ఆడుతున్నది.

యాషికా మ్యాట్ పైన చూసే లెన్సుల ఫంగస్ ఉన్నది, కింద ఫోటో తీసే లెన్సు సాఫు. క్రాంక్ (రీలు జరిపే పిడి) తిరుగుతున్నది గని నాకు దాన్ని ఎట్ల చూడాల్నో తెల్వలె.

కోఠి_స్క్రూడ్రైవర్

మంచిగ చూసినవ్ తమ్మి. కె1000ల ఉన్న రెండు లోపాలకు కారణం ఒక్కటే, ఆరిన నూనె. 410 నుంచి 300కు దిగిందంటే గవర్నర్ విరిగిపోలె, మురికి పట్టింది. 1/1000ల చీకటి గూడ పరదా బేరింగుల జిగురే అయి ఉండొచ్చు. విప్పి కడిగి, కొత్త నూనె పెట్టి, పరదా స్ప్రింగు టెన్షన్ సరిచేస్తే రెండూ పోతయి. మెకానిక్కు స్ప్రింగు మాత్రమే బిగించి ఇస్త అంటే ఒప్పుకోకు. జిగురు తియ్యకుంట స్ప్రింగు బిగిస్తే 1/1000 కొన్నాళ్లు మంచిగనే కనపడి, పరదా మీద లోడు ఎక్కువై మళ్ల చెడ్తది. సర్వీసు ఖర్చు ఎంతో ముందే ఫోనుల అడిగి, గంత రేట్ల తగ్గించి మాట్లాడు. సర్వీసు చేపియ్యకున్నా 1/500 దాక వాడుకోవచ్చు.

బాడీ మీద పేరు ఎట్లున్నదో చూసినవా? ముందు పైన "అసాహి" అని ఉంటే పాత తయారీ, పై మూత, కింది మూత లోహం. కె1000 1976 నుంచి 1997 దాక తయారయింది, ఆఖరి రోజులల్ల చైనాల చేసినవాటికి మూతలు ప్లాస్టిక్. లోపలి యంత్రం దాదాపు అదే గని, పాతదానికి దెబ్బ తట్టుకునే బలం ఎక్కువ.

ఎఫ్ఎం10 షట్టర్ నిజంగ అన్ని స్పీడ్ల మంచిగుంటే మూడిట్ల అదే తక్కువ తలనొప్పి. అది నికాన్ పేరు మీద కోసినా చేసిన బాడీ. బరువు తక్కువ, 1/2000 దాక పోతది, ఫ్లాష్ 1/125 మీద పనిచేస్తది, కె1000కు 1/60నే. చిలుము తుడిచినంక దీపాలు రాకపోతే సెల్లు గది నుంచి పైకి పోయే తీగ చూపియ్యాలె. అంతకు మించి సర్క్యూట్ బోర్డు దాక తిన్నదంటే మీటరు ఆశ వదిలేసి, ఎండ లెక్క మీద, యాప్ మీద నడిపించుకో. ఆ జూము వద్దు, 50 ఎంఎం ఎఫ్/1.8 విడిగ దొరుకుతది.

సాగర్_120

124జి మీద మీటరు సంగతి తప్ప ఇంతసేపు ఎవరూ మాట్లాడలె, ఆ స్టూడియోల అన్నిట్ల విలువైంది గదే. 1970 నుంచి 1986 దాక తయారైన కెమెరా, 80 ఎంఎం ఎఫ్/3.5 యాషినాన్ లెన్సు, 120 రీలు మీద 6×6 ఫ్రేములు పన్నెండు. పెండ్లి ఫోటోలకు స్టూడియోలల్ల గిసొంటి కెమెరాలే నడిచినయి.

పైన లెన్సుల ఫంగస్ ఫోటోకు ఏం చెయ్యదు, చూసేటప్పుడు కొంచెం మసక అంతే. అది కింద లెన్సుకు పాకుతదేమో అని భయపడి వదులుకోవద్దు. ఫంగస్ బీజాలు గాలిల అంతట ఉంటయి, పెరగాలంటే తేమ కావాలె. పొడిగ పెడితే ఆగిపోతది.

దీని షట్టర్ లెన్సు నడుమ ఉండే రేకులది. వెనక మూత తెరిచి, అపర్చర్ పూర్తిగ తెరిచి, 1 సెకను మీద కొట్టి వెనక నుంచి చూడు. రేకులు నడుమల సగం తెరుచుకొని ఆగితే, రెప్ప వాల్చినట్టు మెల్లగ మూసుకుంటే, రేకుల మీద నూనె ఉన్నట్టు. ఏడి దేశంల ఇది శాన మామూలు. కడగాల్సిందే, బయటి నుంచి నాలుగు చుక్కల పెట్రోలు పోసుడు పరిష్కారం కాదు, ఆ పెట్రోలు మురికిని కరిగించి రేకుల నడుమకే తీస్కపోతది.

క్రాంక్: ముందుకు ఆగేదాక తిప్పి, మళ్ల వెనక్కి ఆగేదాక తిప్పాలె. ఆ వెనక్కి తిప్పుతోనే షట్టర్ కాక్ అయితది. నడుమల గరగర అంటే, దూకితే, బలం పెట్టకు. 120 రీలు పాత వెనక కాగితం, రెండు స్పూళ్లు దొరికితే ఎక్కించి పన్నెండు దాక తిప్పి చూడు, ప్రతి ఫ్రేముకు తనంతట తాను ఆగాలె. సెల్ఫ్‌టైమర్ లివర్ ముట్టుకోకు. ఆరిన నూనెతోని అది ఇరుక్కుంటే షట్టర్ మొత్తం ఇరుక్కుంటది. సింక్ లివర్ (ఫ్లాష్‌ను షట్టర్‌తోని కలిపేది) ఎక్స్ మీదనే ఉంచు.

లోపల ప్రెషర్ ప్లేటు 12 మీద ఉన్నదా 24 మీద ఉన్నదా చూడు. ఈ కెమెరా 220 రీలు గూడ తీసుకునేది, దానికి 24. ఇప్పుడు వాడేది 120 కాబట్టి 12 మీదనే ఉండాలె, లేకపోతే ఫిలిము కూర్చునే లోతు మారుతది.

అన్నిటికంటె ముఖ్యం రెండు లెన్సుల ఫోకస్ కలుస్తున్నదా అనేది. ఇంతకుముందు ఎవరన్నా విప్పి ఉంటే, స్క్రూల గాడి అరిగి ఉంటే, ఇది తప్పే అవకాశం ఎక్కువ. ట్రేసింగ్ పేపరును వెనక ఫిలిము నడిచే లోపలి పట్టీల మీద మడత లేకుంట టేపుతోని బిగించు, బయటి పట్టీల మీద కాదు. బి (నొక్కినంతసేపు తెరిచి ఉండే స్పీడు) మీద పెట్టి కేబుల్ రిలీజుతోని షట్టర్ తెరిచి ఉంచి, లతీఫ్ సాబ్ గుట్ట కనపడే చోటుకు తీస్కపో. పైన స్క్రీనుల గుట్ట మీది దర్గా స్పష్టంగ వచ్చేటట్టు ఫోకస్ చెయ్యి, తర్వాత నెత్తిన బట్ట కప్పుకొని వెనక కాగితం మీద బొమ్మ చూడు. అక్కడ గూడ స్పష్టంగనే ఉండాలె. తర్వాత మీటరు దూరంల ఒక వార్తాపత్రిక పెట్టి మళ్ల గదే చెయ్యి. ఇదే పరీక్ష కె1000కు, ఎఫ్ఎం10కు గూడ పనికొస్తది.

జడ్చర్ల_రోల్

ఇదే దాంట్ల ఒక చిన్న ప్రశ్న. ఆన్‌లైన్‌ల కానన్ ఏఈ-1, మినోల్టా ఎక్స్-700 ఎక్కువ కనపడ్తున్నయి, రేటు కె1000 కంటె తక్కువ. తీసుకోవచ్చా?

కోఠి_స్క్రూడ్రైవర్

రెండూ సెల్లు లేకపోతే కదలవు. ఏఈ-1కు 6 వోల్టుల 4ఎల్ఆర్44 కావాలె. అది కొట్టినప్పుడు కీచుమని దగ్గినట్టు సప్పుడొస్తే అద్దం గేర్ల నూనె ఆరింది, చేపియ్యొచ్చు. ఎక్స్-700ల కెపాసిటర్లు పోతే సెల్లు కొత్తదైనా లివర్ బిగుసుకపోతది, షట్టర్ పడదు. సోల్డరింగ్ తెలిసినోళ్లు మార్చగలరు గని జడ్చర్లల కూసొని చేసే పని కాదు. "టెస్టెడ్" అనే మాటను పట్టించుకోకు. వెనక మూత తెరిచి, 1 సెకను, 1/60, 1/1000 మూడూ కొట్టిన వీడియో, లెన్సుకు టార్చి కొట్టిన వీడియో అడుగు. పంపనంటే వదిలెయ్. పంపితే గూడ పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకో.

పాలమూరు_నెగెటివ్

నీలగిరి తమ్మి, ఏది కొన్నా మొదటి రీలును ఫోటోల కోసం కాకుంట పరీక్ష కోసమే వాడు. 200 ఐఎస్ఓ కలర్ రీలు చాలు. రీలును ఎండల స్కూటర్ డిక్కిల పెట్టకు, ఫ్రిజ్‌ల పెట్టి రెండు గంటల ముందు బయటికి తియ్యి.

పొద్దున పదింటికి మబ్బు లేని నీలి ఆకాశం మీద, అదే చోట, 1/1000 ఎఫ్/8, 1/500 ఎఫ్/11, 1/250 ఎఫ్/16, 1/125 ఎఫ్/22 కొట్టు. నాలుగు నెగెటివ్‌లు ఒకే చిక్కదనంల రావాలె, ఏదన్న పల్చగుంటే ఆ స్పీడు ఎక్కువ వేగంగ పోతున్నది. ఆకాశం సాదాగ ఉంటది కాబట్టి క్యాపింగ్ చీకటి దాచుకోలేదు. తర్వాత నీడల 1/30 నుంచి 1 సెకను దాక ఇట్లనే. సాయంత్రం వెలుగు తగ్గినంక గుట్టను ఎఫ్/2 మీద ఒకటి, మీటరు దూరంల ఏటవాలుగ పెట్టిన పేపరును ఎఫ్/2 మీద ఒకటి, సూర్యుణ్ని పక్కన పెట్టుకొని ఎదురు వెలుగుల ఒకటి. వెలుగు దూరే సందులున్నయా తెలిసేటందుకు నడుమల రెండు ఫ్రేములకు ముందు, లెన్సు మూత పెట్టి కెమెరాను అన్ని దిక్కుల తిప్పుకుంట పది నిమిషాలు నిండు ఎండల ఉంచు. ఏ ఫ్రేముకు ముందు ఏం చేసినవో కాగితం మీద రాసుకో.

హైదరాబాద్ ల్యాబుకు పంపేటప్పుడు నెగెటివ్ ముక్కలు చెయ్యకుంట వాపస్ ఇయ్యమని చెప్పు. స్కాన్ చూసి తీర్పు చెప్పకు, ల్యాబు మిషను పల్చటి ఫ్రేమును తానే సరిచేసి పంపుతది, తప్పు కనపడదు. నెగెటివ్‌ను కిటికీ వెలుగుకు పెట్టి చూడు. నల్ల మరక రంధ్రాల పట్టీ దాక పాకి ఉంటే వెనక మూత స్పాంజి దగ్గర వెలుగు దూరుతున్నది, ఇంట్లనే సరిచేసుకోవచ్చు. మరక ఫ్రేము లోపలనే ఆగి, రంధ్రాల పట్టీ సాఫుగ ఉంటే వెలుగు లెన్సు దిక్కు నుంచి, పరదా నుంచి వస్తున్నది, మెకానిక్కుకు పంపాలె. రీలు పొడుగునా సన్న గీత వస్తే ప్రెషర్ ప్లేటు మీద తుప్పు చుక్కనో, ఇసుక రేణువో ఉంటది.

నలుపు తెలుపు అయితే ఇంట్లనే కడుక్కోవచ్చు. హెచ్‌పి5 రీలుకు డి-76 డెవలపర్ (ఫిలిము కడిగే మందు) నీళ్లు కలపకుంట నేరుగ వాడితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. మే నెలల ట్యాంకు నీళ్లు 35 దాటుతయి కాబట్టి డెవలపర్ సీసాను ఐసు నీళ్ల బకెట్‌ల పెట్టి 20కి దించాలె. కడిగే నీళ్లు గూడ దగ్గర దగ్గర గదే ఏడిల ఉండాలె, లేకపోతే పొర మీద ముడతలు రావొచ్చు. మన బోరు నీళ్లల్ల ఉప్పు ఎక్కువ, ఆరినంక తెల్ల మరకలు మిగుల్తయి. మందు కలుపుకునేదానికి, ఆఖరి కడుగుకు మాత్రం బ్యాటరీ షాపుల దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడు.